రాయచోటి నవాబు గారి గుర్రాలు

మొన్న దుబాయ్‌లో ఒక విల్లాకి ఏసీ సర్వీసుకి వెళ్లాను. హాల్లో నిచ్చెన వేసుకుని ఫిల్టర్ ఊడదీస్తూ తల తిప్పితే ఎదురు గోడ మీద మూడు గుర్రాలు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. మూడూ ఇసుక రేపుకుంటూ నా మీదికే వస్తున్నాయి. నా కాళ్లు నిచ్చెన మీదే ఉన్నాయి గానీ ప్రాణం మాత్రం కిందికి దిగిపోయింది. ఎందుకంటే ఆ గుర్రాలతో నేను ఒకే గదిలో కాపురం చేశాను.

ఇంటావిడ గుజరాతీ. మంచి మనిషి, అడక్కుండానే మజ్జిగ ఇచ్చింది. నేను బొమ్మకేసి చూడటం చూసి మురిసిపోయి, "పసంద్ ఆయా? ఒరిజినల్ హై" అంది. అంతటితో ఆగలేదు. పనిమనిషి చేత ఒక మూల పట్టించి, బొమ్మని గోడ నుంచి కాస్త ముందుకి జరిపి వెనక వైపు చూపించింది.

"ఇది మామూలుగా దొరికేది కాదు భయ్యా. మీ సౌత్‌లో ఎవరో పాత నవాబు గారి దగ్గరుండేదట. చూడు, ఆయన చేతి రాత."

చూశాను. గుడ్డ మీద నల్ల మార్కర్‌తో, బియ్యం బస్తా మీద రాసినట్టు లావు లావు అక్షరాలు. పేరు. సన్నాఫ్ ఫలానా. రాయచోటి, కడప జిల్లా. పక్కనే పైకి చూపిస్తూ ఒక బాణం గుర్తు. ఫోన్ నంబరు ఉండాల్సిన చోట మాత్రం ఎవరో గోధుమరంగు టేపు నీటుగా అంటించారు.

నవాబు గారట! ఆ నవాబు గారు నా కింది మంచంలో పడుకుని, పై మంచం ఊగేలా గురక పెట్టేవారు. ఆయన రాజ్యమంతా మంచం కింద ఒక ఇనప పెట్టె, మంచం కోడుకి తగిలించిన ఒక లుంగీ.

మామూలుగా అయితే నేను పడీ పడీ నవ్వాలి. నవ్వు రాలేదు. "మేడమ్, ఈ నవాబు గారి సంగతి వాళ్లు నోటితో చెప్పారా, బిల్లు మీద రాసిచ్చారా?" అని మాత్రం అడిగాను.

"అంత పెద్ద గ్యాలరీ వాళ్లని రాసిమ్మని ఎలా అడుగుతాం?" అందావిడ.

"ఇప్పుడైనా అడగండి. ఈమెయిల్లో అడగండి. జవాబు రాస్తే దాచుకోండి, రాయకపోతే ఒక వకీలుని చూడండి" అన్నాను. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఈ దేశంలో ఒక మనిషిని నోటితో దొంగ అంటే ఏమవుతుందో నవాబు గారి దగ్గరే నేర్చుకున్నాను. నేను బడిలో నేర్చుకున్నది ఎలాగూ తక్కువ.

ఆయన పేరు ఇక్కడ రాయను. గదిలో అందరికీ మామ. ఆయనది రాయచోటి, నాది రాజంపేట. షార్జా అల్ నహ్దాలో ఒకే గదిలో బెడ్‌స్పేస్, అంటే తలా ఒక మంచం అద్దెకి. ఒక కేటరింగ్ కంపెనీలో పెద్ద వంటాయన. పొట్టి మనిషి, చేతులు మాత్రం తన ఎత్తుకి మించినవి. ఏ వస్తువు కొన్నా ముందు రెండు పనులు చేసేవాడు. వేలి కణుపుతో టకటకా కొట్టేవాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. పుచ్చకాయని కొట్టాడంటే అర్థముంది. ప్రెషర్ కుక్కర్ని కొట్టాడన్నా పోనీలే అనుకోవచ్చు. ఒకసారి కొత్త మొబైల్‌ని కూడా కొట్టి వాసన చూస్తుంటే, "మామా, ఫోన్ పండిందా, ఇంకా పచ్చిగానే ఉందా?" అన్నాను. షాపువాడు కూడా నవ్వాడు.

"నవ్వు రా అబ్బోడా, బాగా నవ్వు. ఇన్నేండ్ల సర్వీసులో నేను ఒక్క ముక్కిపోయిన బస్తా దింపుకొనింది చూపీ, నీ కాళ్లు మొక్కుతా."

నిజంగానే చూపించలేం.

రెండో అలవాటు మార్కర్. ఇక్కడ ఊరికి పోయేవాళ్లందరూ అట్టపెట్టెల మీద పేరూ ఊరూ లావుగా రాసుకుంటారు, విమానం దిగాక తారుమారు కాకుండా. మామ ఊరికి పోకపోయినా రాసేవాడు. చెప్పుల మీద, బకెట్టు మీద, ఊరగాయ డబ్బా మీద, ఆఖరికి ఫ్రిజ్‌లో కోడిగుడ్ల మీద. ఒకరోజు పొద్దున్నే గుడ్డు మీద రాయచోటి అని చూసి, "మామా, దీనికి వీసా స్టాంపింగ్ అయిందా? మెడికల్ పాసైందా?" అని అడిగాను.

"పేరు రాయి నాయనా" అన్నాడాయన, నా మాటలు చెవిన పెట్టకుండా. "పేరు రాయకపోతే అది దుబాయ్‌ది."

కరోనా మాస్కులు పోయిన కొత్తల్లో, ఆయన కంపెనీ ఒక గ్యాలరీ ప్రారంభానికి వంట చేసింది. ఆ గ్యాలరీ యజమానిని అందరూ సేఠ్ అనేవాళ్లు. ఆయనది ఏ దేశమో చెప్పను. చెబితే మీరు దేశాన్ని తిడతారు, మనిషి తప్పించుకుంటాడు. సేఠ్ బిర్యానీ తిని, విందు మధ్యలో లేచి, వంటపాత్రల దగ్గరికి వచ్చాడట. మసాలా చేతులతో నిలబడ్డ మామని కావలించుకున్నాడట. తెల్లచొక్కాకి పసుపు అంటినా చూసుకోలేదట. "మేరే భాయ్, నేను గోడ మీద పెట్టేదీ ఆర్టే, నువ్వు పళ్లెంలో పెట్టేదీ ఆర్టే" అన్నాడట.

ఆ మాట మామ మాకు చెప్పిందే చెప్పాడు. ఇన్నేళ్లలో ఉప్పు తక్కువైందన్నవాళ్లే గానీ ఆర్టిస్టన్నవాళ్లు లేరు పాపం. నేను మర్నాటి నుంచి పప్పు వడ్డించుకుంటూ "ఆర్టిస్టు గారూ, ఈ బొమ్మలో చింతపండు ఎక్కువైంది" అనేవాణ్ణి. ఆయన కోప్పడేవాడు కాదు. సిగ్గుపడేవాడు. ఆ సిగ్గు చూస్తే నాకెందుకో భయమేసేది.

కొన్నాళ్లకి మామ సర్వీసు అయిపోయింది. కంపెనీ లెక్క తేల్చి డబ్బు చేతిలో పెట్టింది. రాయచోటి బస్టాండు దగ్గర ఒక షాపు బామ్మర్ది చూసి పెట్టాడు, అందులో బిర్యానీ హోటలు. ఆయన బతుకులో మిగిలిన పని అదొక్కటే. ఈలోగా సేఠ్ ఫోన్ చేశాడు. ఎలా తెలిసిందో మరి, మామ లెక్క తేలిందని తెలిసింది. చాయ్ తాగించాడు. గుర్రాలు చూపించాడు. ఆ చిత్రకారుడు చనిపోయాడనీ, ఇక గీయలేడనీ, కాబట్టి ఇలాంటిది ప్రపంచంలో ఇదొక్కటేననీ, కొన్ని నెలలు ఉంచుకుంటే తనే ఎక్కువ ధరకి వెనక్కి కొంటాననీ చెప్పాడు. ఒరిజినల్ అని బంగారు ముద్రతో సర్టిఫికెట్టు ఇచ్చాడు. వెనక్కి కొనే మాట మాత్రం కాగితం మీద లేదు. అన్నదమ్ముల మధ్య కాగితమేంటన్నాడట.

"కొట్టి చూశావా మామా?" అని అడిగాను.

"పెద్ద షాపుల్లో కొట్టగూడదురా. ముట్టగూడదని బోర్డు ఉండాది."

షాపు కోసం దాచిన డబ్బంతా గుర్రాలెక్కి వెళ్లిపోయింది. గుర్రాలు మా గదికి వచ్చాయి.

గోడకి ఆనించాక మామ తలుపు మూసి, కణుపుతో కొట్టాడు. గుడ్డ డప్పులా మోగింది. ముక్కు పెట్టి వాసన చూశాడు. "రంగు వాసన రాలేదే" అన్నాడు.

"గీసినాయన పోయాడు కదా మామా, వాసన కూడా ఆయన వెంటే పోయుంటుంది" అన్నాను.

గదంతా నవ్వింది. మామ వంగి ఇంకోసారి వాసన చూశాడు.

ఆ శుక్రవారమే బొమ్మని బోర్లా తిప్పి మార్కర్ తీశాడు. ఊరికి పోవాల్సిన సరుకు కదా. తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఫోన్ నంబరు, బాణం గుర్తు, అన్నీ తీరిగ్గా రాశాడు. గదిలో అందరం చూస్తూనే ఉన్నాం. ఎవరికీ తప్పని తోచలేదు. నేనైతే పిన్‌కోడ్ గుర్తు చేశాను.

బొమ్మ గోడ మీదికి ఎక్కింది. తెల్లగుర్రం కన్ను ఒకటుంది చూడండి, గదిలో ఎక్కడ కూర్చున్నా మనల్నే చూస్తుంది. అన్నం తింటుంటే చూస్తుంది, లుంగీ మార్చుకుంటుంటే చూస్తుంది. ప్రాణుల బొమ్మ ఎదురుగా ఉండకూడదని నమాజ్ వేళకి మామ దాని మీద దుప్పటి కప్పేవాడు. నమాజ్ అయ్యాక దుప్పటి తీసి, అవి ఇంకా అక్కడే ఉన్నాయా అన్నట్టు కాసేపు నిలబడేవాడు.

ఆ తర్వాత నాకు దుబాయ్ కరామాలో ఒక పళ్ల డాక్టరమ్మ క్లినిక్‌లో పని పడింది. ఏసీ కింద, రోగులు కూర్చునే చోట, అవే గుర్రాలు. నల్లగుర్రం మోకాలి కింద ఎర్రరంగు చుక్క ఒకటి జారి, కొస దగ్గర కుడి వైపుకి వంకర తిరిగి ఆగిపోతుంది. మా గదిలో గుర్రానికీ అదే చుక్క, అదే వంకర. చేత్తో గీసిన రంగు ఒకసారి అలా జారుతుంది. రెండు చోట్ల అచ్చంగా అలాగే జారదు.

గదికొచ్చి చెప్పాను. నాకు ఏదైనా చెప్పడం ఒక్క తీరులోనే వచ్చు. "మామా, నీ గుర్రాలకి కవల పిల్లలు పుట్టాయి. కరామాలో పళ్లు పీకించుకుంటున్నాయి."

మామ ఉల్లిపాయ కోస్తున్నాడు. కత్తి ఆగింది. "పోటో చూపీ" అన్నాడు. చూపించాను. ఫోన్‌ని వేళ్లతో పెద్దది చేసి ఆ చుక్కనే చూశాడు. తర్వాత మంచం ఎక్కి గోడ మీది చుక్కని చూశాడు. దిగి మళ్లీ ఉల్లిపాయ కోశాడు. ఆ కూర ఎవరికీ సయించలేదు, ఉప్పూ కారం అన్నీ సరిగ్గానే ఉన్నా.

సేఠ్‌కి ఫోన్ చేస్తే కోప్పడలేదు, కాదనలేదు. "మేరే భాయ్, నీకు అనుమానమొస్తే నాకు నిద్ర పట్టదు. నేను ఇచ్చింది ఇచ్చినట్టు తెచ్చివ్వు, నీ డబ్బు తీసుకెళ్లు" అన్నాడు. మామ కళ్లు తుడుచుకున్నాడు. "చూసినావా అబ్బోడా, పెద్దమనిషి. ఊరకే అనుమానపడితిమి."

నా వ్యాన్‌లోనే తీసుకెళ్లాం. గ్యాలరీలో ఏసీ చలి కాస్త ఎక్కువే. సేఠ్ మామని కావలించుకుని, చాయ్ చెప్పి, బొమ్మ ముందు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా వెనక్కి తిప్పాడు. చూసి నవ్వాడు. తన మనిషిని పిలిచి ఫొటోలు తీయించాడు.

"నేను ఇచ్చింది ఇది కాదు భాయ్. నేను ఇచ్చినదానికి వెనక ఏ రాతా లేదు. దీన్ని నువ్వు నీది చేసుకున్నావు."

"పేరే గదా సేఠ్, ఊరికి పోయే సరుకు అని..."

"చాయ్ చల్లారిపోతోంది, తాగు."

బొమ్మతోనే తిరిగొచ్చాం. దారి పొడుగునా నేను చిత్రవిచిత్రమైన జోకులు వేశాను. ఒక్కటీ పేలలేదు.

కరామాలో ఒక వకీలు ఆఫీసులో పనిచేసే హైదరాబాదు అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లాను. సర్టిఫికెట్టు చూసి మొదట ఆమె ముఖం వెలిగింది. "ఒరిజినల్ అని రాసిచ్చిండు కదా అంకుల్, మీ బలమంతా ఇదే. అబద్ధం చెప్పి ఇంత ధరకి అంటగడితే కోర్టు అమ్మకాన్నే రద్దు చెయ్యొచ్చు. లోపం దాచి అమ్మితే సరుకు వాపస్ ఇచ్చి పైసలు అడగొచ్చు. దానికి గడువుంటది గానీ, కావాలని దాచినోడు గడువు దాటిందని తప్పించుకోలేడు."

మామ కుర్చీలో ముందుకి జరిగాడు. నేను ఫోన్‌లో వెనక వైపు ఫొటో చూపించాను. ఆమె సర్టిఫికెట్టుని బల్ల మీద పెట్టేసింది.

"ఇదెవరు రాసిన్రు?"

"నేనే తల్లీ."

"అయ్యో అంకుల్. కొన్నాక మీ చేతిలో సరుకు మారితే, వాపస్ తీస్కో అని పట్టుబట్టుడు కష్టం. ధరలో తేడా అడగొచ్చు. ఆ తేడా ఎంతనేది కోర్టు పెట్టిన నిపుణుడు తేల్చాలె. కాగితాలన్నీ అరబీలోకి తర్జుమా చేయించాలె."

"ఎన్ని దినాలు పట్టొచ్చమ్మా?"

"దినాలు కాదంకుల్" అందామె, నెమ్మదిగా.

మోసం కింద పోలీసులకి ఫిర్యాదు ఇవ్వొచ్చనీ, సేఠ్ తెలిసే చేశాడని చూపాలంటే అదే బొమ్మ కొన్న ఇంకొకరు వచ్చి చెబితే చాలా బలమనీ చెప్పింది. లేచేటప్పుడు ఆపి, వేలు చూపించి మరీ చెప్పింది: "ఆయనతోని ఫోన్ల మాట్లాడకుండ్రి. వాట్సాప్‌ల ఒక్క తిట్టు పంపినా ఈడ అది నేరం. అప్పుడు కేసు మీ మీద పడ్తది."

"నేను తిట్టే రకమా తల్లీ?" అన్నాడు మామ. కాదు, నిజంగానే. గదిలో ఎవరి మీద ఎంత కోపమొచ్చినా ఆయన నోటి నుంచి వచ్చే పెద్ద తిట్టు "నీ ఇల్లు చల్లగుండ" అనే.

పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం. తనూ సేఠ్ దగ్గరే కొన్న పళ్ల డాక్టరమ్మని సాక్ష్యానికి బతిమాలాం. ఆవిడ మా ముందే బొమ్మని చూసి, చుక్కని చూసి, ముఖం పాలిపోయి, "నాకు ఏ ఇబ్బందీ లేదు. నా గోడకి బాగానే ఉంది" అంది. బొమ్మ నకిలీదని పేరొస్తే పన్ను కూడా నకిలీదేమోనని రోగులు అడుగుతారని ఆవిడ భయం. ఆవిడ కూడా మోసపోయిందే, కానీ మోసపోయిన సంగతి కప్పుకోవడానికి ఆవిడ దగ్గర చాలా గోడలున్నాయి. మామ దగ్గర ఒకటే ఉంది, అదీ అద్దెది.

వీసా రద్దయిపోయింది. ఇక ఉండటానికి ఇచ్చిన గడువు కరుగుతోంది. సేఠ్ ఫోనెత్తడు, వాయిస్ మెసేజ్‌లు మాత్రం వింటాడు. విన్నట్టు నీలం గుర్తులు పడతాయి. అంతే. మామ రోజుకొకటి పెట్టేవాడు, మర్యాదగా, సలాంతో మొదలుపెట్టి. నేను వద్దన్నాను. "తిట్టడంలే గదరా, అడుక్కుంటాండా" అనేవాడు.

ఒక మధ్యాహ్నం బామ్మర్ది ఫోన్ చేసి, బస్టాండు షాపు వేరేవాళ్లకి ఇచ్చేశారన్నాడు. మామ "సరేలే" అని ఫోన్ పెట్టి, ఫోన్‌తోనే బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. తలుపు ఇవతల మేం విన్నాం. సలాంతోనే మొదలైంది. తర్వాత గొంతు లేచింది. తెలుగు, ఉర్దూ, వంటింట్లో నేర్చిన అరబీ, అన్నీ కలిసి కొట్టుకొచ్చాయి. ఆయనకి అన్ని తిట్లు తెలుసని మాకు ఆ రోజే తెలిసింది. తలుపు బాదాను. తీసేసరికి మెసేజ్ వెళ్లిపోయింది. చెరిపేద్దామని ఫోన్ లాక్కున్నాను. నీలం గుర్తులు అప్పటికే పడ్డాయి. అన్నాళ్లలో ఎప్పుడూ అంత తొందరగా పడలేదు.

పోలీస్ స్టేషన్ నుంచి పిలుపొచ్చింది, మా ఫిర్యాదు మీద కాదు, సేఠ్ ఫిర్యాదు మీద. సాక్ష్యంగా ఉంటుందని బొమ్మని వ్యాన్‌లో వేసుకుని వెళ్లాం. సేఠ్ ముందే వచ్చి కూర్చున్నాడు, తెల్లచొక్కా, తస్బీ పూసలు తిప్పుకుంటూ. ఉర్దూ తెలిసిన పోలీసాయన ఒకాయన మర్యాదగానే మాట్లాడాడు. ఫోన్ బల్ల మీద పెట్టి ఆ మెసేజ్ వినిపించాడు. మామ తల వంచుకుని తన తిట్లన్నీ తనే విన్నాడు. తిట్లు అయిపోయాయి, మెసేజ్ అయిపోలేదు. ఆపడం మర్చిపోయాడు కాబోలు. నీళ్లు పడుతున్న చప్పుడు. ముక్కు చీదుకున్న చప్పుడు. తర్వాత తెలుగులో, చిన్న గొంతుతో, "నా చేత్తో నేనే ఇస్తి గదా, అల్లా. నా చేత్తో నేనే ఇస్తి."

"యే క్యా బోలా?" అని అడిగాడు పోలీసాయన. ఆ ముక్క వదిలేసి గొంతు సంగతికి వచ్చాడు.

"ఆవాజ్ ఆప్‌కీ హై?"

"జీ, మేరీ హై" అన్నాడు మామ.

సేఠ్ అప్పుడు దయతలిచాడు. ఇద్దరం ఫిర్యాదులు వెనక్కి తీసుకుందామన్నాడు. బొమ్మ తనకి ఇచ్చెయ్యాలన్నాడు. "నకిలీ అంటున్నావు కదా, మరి నీకెందుకు? ఊరికి టికెట్ నేను కొనిస్తా." నేను బయటికొచ్చి వకీలమ్మాయికి ఫోన్ చేశాను. "అంకుల్‌ని సంతకం చెయ్యొద్దనుండ్రి. తిట్టినందుకు జరిమానాతో పోవచ్చు. బొమ్మ ఇచ్చేస్తే చేతిల సాక్ష్యం ఏముంటది?" అంది. లోపలికొచ్చి చెప్పాను. మామ నా మాట విన్నాడో లేదో. కేసుంటే విమానం ఎక్కనివ్వరన్న సంగతి ఒక్కటే ఆయన చెవిలో మోగుతోంది.

"హోటలు పాయ. ఊరికన్నా పోనీ నాయనా, ఊరికి పోతా" అన్నాడు. సంతకం చేశాడు.

బయట ఎండలో సేఠ్ మనుషులు నా వ్యాన్‌లోంచి గుర్రాలని దించి వాళ్ల బండిలోకి ఎక్కించారు. చాలా జాగ్రత్తగా, మెత్తటి దుప్పట్లు చుట్టి మరీ ఎక్కించారు. మామ ఆ దుప్పట్లనే చూస్తున్నాడు. వెళ్లి సేఠ్ చెయ్యి పట్టుకున్నాడు.

"అంతా అయిపోయింది గదా సేఠ్. ఇప్పుడన్నా చెప్పు. అస్లీనా, నక్లీనా?"

సేఠ్ ఆయన చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "మేరే భాయ్, మొదటి రోజు నుంచి అదే చెబుతున్నాను. అస్లీ."

బండి వెళ్లిపోయింది. వ్యాన్ ఎక్కాం. మామ సీటు బెల్టు పెట్టుకోలేదు, నేను వంగి పెట్టాను. కుసైస్ సిగ్నల్ దాటాక మాట్లాడాడు.

"అబ్బోడా, అంత జాగ్రత్తగా ఎత్తినారు చూస్తివా?"

"చూశా మామా."

"నకిలీదాన్ని అట్లా ఎత్తుతారా?"

నేను గేరు మార్చాను.

"అస్లీనేమోరా" అన్నాడు. తెల్లబోయిన ముఖంతో నా వైపు తిరిగి స్టీరింగ్ మీద చెయ్యి వేశాడు. "అస్లీదాన్ని ఇచ్చేస్తిమేమోరా. వెనక్కి తిప్పు. బండి వెనక్కి తిప్పు నాయనా."